పచ్చి టేకు కన్నా ఎండిన వేప మేలు

సరదాకి వడ్రంగం చేసేవాళ్ళు మన దగ్గర ఈ మధ్య బాగానే పెరిగారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒక గట్టి బల్ల, నాలుగు ఉలులు, ఒక చిత్రిక, ఒక జపాన్ రంపం. చాలామంది సరంజామా ఇంతే. పనిముట్లు ఆర్డర్ పెడితే ఇంటికే వస్తాయి, నేర్పడానికి యూట్యూబ్ ఉంది. అయినా ఇలాంటివాళ్ళు ఇద్దరు కలిస్తే మాట చివరికి కలప దగ్గరికే వస్తుంది. "మీకు కర్ర ఎక్కడ దొరుకుతోందండీ?" అని ఒకరు అడుగుతారు. "మంచి టేకు ఇప్పుడెక్కడుందండీ, ఉన్నా ఆ రేటు మనం పెట్టలేం" అని రెండోవాళ్ళు నిట్టూరుస్తారు.

ఈ నిట్టూర్పులో సగం నిజం ఉంది. మిగతా సగం అలవాటు. కలప కొరత నిజమే గానీ, మనలాంటివాళ్ళకి నిజంగా కొరతగా ఉన్నది ఎండిన కలప. ఏ చెట్టుదన్నది ఆ తర్వాతి సంగతి. మనం మాత్రం చెట్టు పేరు దగ్గరే బేరమంతా ఆడేసి, ఎండిందా లేదా అన్న ప్రశ్నని అమ్మేవాడి నోటిమాటకి వదిలేస్తున్నాం. ఆ తర్వాత బల్ల మెలి తిరిగితే మన చేతిపనిని తిట్టుకుంటాం.

ముందు కలప అమ్మే అడితివాళ్ళ వైపు నుంచి చూద్దాం. హైదరాబాద్‌లో ఏ టింబర్ డిపోకి వెళ్ళినా మొదటి ప్రశ్న "ఏం చేపిస్తున్నరు మేడం, దర్వాజాలా?" అనే. కాదు, చిన్న రాతబల్ల, నేనే చేసుకుంటాను అంటే ఒక్క క్షణం ఆగి "మేస్త్రిని తీస్కరండి, ఆయనకు చెప్తం" అంటారు. ఆడమనిషిని కాబట్టి ఈ మర్యాద అనుకోకండి, మగవాళ్ళకీ ఇదే జరుగుతుంది. కాకపోతే నాకు కుర్చీ వేస్తారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. వాళ్ళ వ్యాపారం నడిచేది ద్వారబంధాల మీద, తలుపుల మీద. ఇల్లు కట్టుకునేవాళ్ళు ముహూర్తం పెట్టుకుని వస్తారు, సింహద్వారం టేకుదే కావాలంటారు, ఒకేసారి లారీ నింపుకుని పోతారు. అందుకే డిపోలో కలప ఐదు మూడు, నాలుగు మూడు అంగుళాల సైజుల్లో కోసి ఉంటుంది. ముప్పావంగుళం పలకలు, రెండంగుళాల కాళ్ళు కావాల్సిన మనం ఆ సైజుల్ని మళ్ళీ కోయించుకోవాలి. రంపం తినేది, చిత్రికలో పోయేది మన ఖాతాలోనే. అంగుళం పలక అని డబ్బు కడితే రెండువైపులా నున్న చేశాక చేతికొచ్చేది ముప్పావంగుళం.

మన బేరం ఎంత చిన్నదో లెక్క వేస్తే తెలుస్తుంది. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బల్ల పైచెక్కకి 0.67. రెండున్నర అంగుళాల చదరపు కాళ్ళు నాలుగు, ఒక్కోటి రెండున్నర అడుగులు, వాటికి 0.43. చుట్టూ పట్టీలకి ఇంకో 0.2. అంతా కలిపితే 1.3, తరుగు వేసుకున్నా రెండు ఘనపుటడుగుల్లోపే. దీనికోసం డిపో అతను దొంతర మొత్తం కదిపి, అడుగున ఉన్న మంచి ముక్క లాగి, మిల్లు ఆన్ చేయించాలి. ఎందుకు చేస్తాడు? పైనున్నదేదో ఇస్తాడు. పైనున్నది చాలాసార్లు నలుగురు మేస్త్రులు వద్దని పక్కన పడేసిందే.

ఇక టేకు సంగతి. గొప్ప కలప, కాదనేవాళ్ళు ఎవరూ లేరు. చెక్కలోనే నూనె ఉంటుంది, చెద తొందరగా పట్టదు, ఉలికి చక్కగా లొంగుతుంది, వానాకాలం వచ్చినా పెద్దగా కదలదు. కానీ ఈ గుణాలన్నీ ముదురు చెట్టు చేవవి, అంటే మాను మధ్యలో ఉండే గట్టి చెక్కవి. గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన అడవి టేకు, రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు ఆ కోవలోవి. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి మనవాళ్ళు బర్మాకి కూలికి పోయిన కాలంలో అదే సముద్రం మీద ఎదురొచ్చిన కలప ఇంకా కోస్తా మండువా లోగిళ్ళలో స్తంభాలై నిలబడి ఉంది. మన తాతల నోట టేకు పేరు అంత గొప్పగా వినబడిందంటే ఆ కలపని చూసే.

ఇప్పుడు ఆ కలప లేదు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. మన అడవుల్లో కొట్టుడుకి 1988 జాతీయ అటవీ విధానం, ఆపైన అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు గట్టి పగ్గాలు వేశాయి. అది మంచికే జరిగింది, నా బల్ల కోసం నల్లమల కొట్టమని నేను అడగను. దాంతో డిపోలకి ఘనా, నైజీరియా, టాంజానియా, ఈక్వడార్, కోస్టారికా, పనామాల నుంచి టేకు వస్తోంది. చాలావరకు కాండ్లా రేవులో దిగి, గాంధీధామ్ మిల్లుల్లో కోతపడి, లారీల్లో ఇక్కడికి చేరుతుంది. తోటలో పెరిగినంత మాత్రాన చెడ్డది కాదు. కాకపోతే తొందరగా పెరిగి చిన్నవయసులో కొట్టిన చెట్టులో చేవ తక్కువ, చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. తెల్లచెక్క టేకుదైనా సరే, పురుగుకీ చెదకీ మొహమాటం ఉండదు. మన పొలం గట్ల మీద పదిహేను, ఇరవై ఏళ్ళకే కొట్టేస్తున్న టేకుదీ ఇదే కథ. డిపోలో "ఇది సీపీ", "ఇది బర్మా" అని చెప్పేది నోటితోనే, కాగితం మీద కాదు. సీపీ అంటే ఒకప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్, బల్లార్షా, చంద్రపూర్ వైపు అడవులది. ఆ పేరు చెప్పి అమ్మే ప్రతి ముక్కా అక్కడిదే అయితే ఆ అడవులు ఈపాటికి మైదానాలైపోయి ఉండాలి.

సరే, అంత రేటు పెట్టి ఆ టేకే కొన్నాం అనుకోండి. అది పచ్చిదైతే ఏమవుతుంది? చెక్కలో తేమ 30 శాతానికి కాస్త కిందికి దిగినప్పటి నుంచి చెక్క కుంచించుకోవడం మొదలుపెడుతుంది. పొడవునా దాదాపు ఏమీ తగ్గదు. వలయాల వెంబడి తగ్గేది, మధ్య నుంచి బెరడు వైపుకి తగ్గేదానికి సుమారు రెట్టింపు. ఈ తేడా వల్లే పలక దోనెలా వంగుతుంది, మెలి తిరుగుతుంది, చివర్లు విచ్చుకుంటాయి. బాగా ఎండిన చెక్క కూడా ఊరుకోదు. హైదరాబాద్ ఏప్రిల్ గాలికి ఆరు, ఏడు శాతానికి దిగిన చెక్క ఆగస్టు ముసురులో పద్నాలుగు, పదిహేనుకి ఎక్కుతుంది. ఆ లెక్కన అడుగు వెడల్పున్న టేకు పలక కూడా పూత లేకుండా వదిలేస్తే నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. పాత తలుపుల్లో చట్రానికి గాడి తీసి, లోపలి పలకని జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టింది ఇందుకే. ఆ వడ్రంగులకి శాతాలు తెలియకపోవచ్చు, చెక్క ఊపిరి పీలుస్తుందని మాత్రం బాగా తెలుసు.

డిపోలో "సీజనింగ్ అయిందా?" అని అడిగి చూడండి. "ఏడాది నుంచి ఇక్కడే ఉంది మేడం" అంటారు. అబద్ధం కాదు, ఇక్కడే ఉంది. పైన రేకు, పక్కల ఖాళీ, కింద తడి నేల, పలకల మధ్య గాలి పోయే సందు లేదు. అలా ఏడాది ఉంటే వయసు పెరుగుతుందేమో గానీ ఎండదు. వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే పిన్నుల తేమ మీటర్ ఒకటి సంచిలో వేసుకెళ్ళడం దీనికి మందు. పైన గుచ్చితే పైతేమే చెబుతుంది. ఒక ముక్క కోయించి, కోసిన చోట మధ్యలో గుచ్చాలి. పన్నెండు శాతం లోపు చూపిస్తే ఏ కలపైనా బేరానికి దిగుతాను, ఇరవై చూపిస్తే బర్మా రాజుగారి సింహాసనమైనా వద్దంటాను. ఒక డిపోలో పెద్దాయన నా మీటర్ చూసి "కర్రకి గూడ షుగరుందా అమ్మా?" అన్నాడు.

తేమని మొదటి ప్రశ్న చేసుకున్నాక మన చుట్టూ ఉన్న కలప వేరేగా కనిపిస్తుంది. వేపతో మొదలుపెడదాం. పల్లెల్లో దర్వాజాలకీ మంచాలకీ తరాలుగా వాడుతున్నదే. చేవ ఎర్రగా, చూడముచ్చటగా ఉంటుంది, చెదకి తొందరగా లొంగదు, ఊళ్ళో చెప్పి ఉంచితే దొరుకుతుంది. లోపం లేదని అనను. పొరలు ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి చిత్రిక ఒకవైపు నున్నగా పోతూ ఉన్నట్టుండి చీల్చుకుని లేస్తుంది. అలగు బాగా పదును పెట్టి, చాలా పలచగా తియ్యాలి. మొండికేసిన చోట స్క్రేపర్, అంటే గీకే ఉక్కు రేకు, వాడాలి. దుమ్ము నోట్లోకి పోతే ఉగాది పచ్చడి అక్కర్లేదు.

నిద్రగన్నేరు నాకు ఇంకా ఇష్టం. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన రోడ్ల పక్కన గొడుగులు పట్టిన చెట్టు. పెద్ద మాను అవుతుంది, వెడల్పాటి పలకలు వస్తాయి, ఎండేటప్పుడు కుంచింపు చాలా తక్కువ. థాయిలాండ్ వాళ్ళు ఇదే చెట్టుతో గిన్నెలు, ట్రేలు చెక్కి ప్రపంచమంతా అమ్ముకుంటారు. హవాయిలో మంకీపాడ్ అని పిలిచి పెద్ద పెద్ద భోజనాల బల్లలు చేస్తారు. మన దగ్గర మాత్రం ఎక్కువగా పొయ్యిలోకి పోతుంది. దిరిసెన కూడా అలాంటిదే. గోధుమరంగు చేవతో వాల్‌నట్‌కి తీసిపోకుండా ఉంటుంది, ఇంగ్లీషు కలప పుస్తకాల్లో దాన్ని ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్ అనే రాసుకున్నారు. ఈ రెండిటి దుమ్మూ తుమ్ములు తెప్పిస్తుంది, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. మామిడి మెత్తన, పని సులువు. కొట్టిన వెంటనే కోసి ఆరబెట్టకపోతే నీలిమచ్చలు పడతాయి, పురుగు తొలుస్తుంది. కానీ జోధ్‌పూర్ నుంచి విదేశాలకి పోయే ఫర్నిచర్లో ఎంత మామిడి ఉందో చూస్తే, మనం దాన్ని పెట్టెల చెక్క అని తీసిపారెయ్యడం నవ్వొస్తుంది. నల్లతుమ్మ గట్టితనానికి చేతులు నొప్పెడతాయి, అందుకే దాన్ని ఉలి పిడులకీ సుత్తులకీ మాత్రమే వాడతాను.

టేకు లేనిదే మంచి పని లేదనేవాళ్ళకి మన చేతివృత్తులే జవాబు. ఏటికొప్పాక బొమ్మలకి అంకుడు కర్ర కావాలి, లేత్ మీద నున్నగా తిరిగి లక్క రంగుని పట్టుకుంటుంది. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి, తేలిక, కత్తికి వెన్నలా లొంగుతుంది. నిర్మల్ బొమ్మలకీ పొణికే. బొబ్బిలి వీణ పనస మొద్దుని తొలిచి చేస్తారు. ఎడ్లబండి చక్రానికి తుమ్మ. వీటిలో ఎక్కడా టేకు లేదు. ఆ పనివాళ్ళకి దొరక్క కాదు, పనికి ఏది సరిపోతుందో చూసుకుని ఆ చెట్టునే పట్టుకున్నారు. సింహద్వారానికి కావాల్సిన గుణాలు వేరు, పుస్తకాల అరకి కావాల్సినవి వేరు. ఇంట్లో గోడకి ఆనుకుని ఉండే అర ఎండకీ వానకీ నిలబడాల్సిన పని లేదు. దానికి టేకు రేటు కట్టడం అనవసరం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకైతే అడితి కూడా అక్కర్లేదు. జీడిమెట్ల, బాలానగర్ లాంటి చోట్ల విదేశీ యంత్రాలు దిగిన ప్యాకింగ్ పెట్టెలు, ప్యాలెట్లు పాత సామాన్లవాళ్ళ దగ్గర దొరుకుతాయి. ఎక్కువగా పైన్. ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, వదిలేయండి. మేకులు పీకడం విసుగే, కానీ చాలాకాలం ఆరిన చెక్క అంత చవకగా ఇంకెక్కడా రాదు. అతుకుల్లో కూసాలు, గాడులు కుదరడం నేర్చుకునేదాకా దాన్ని పాడుచేసినా ప్రాణం ఉసూరుమనదు.

కూల్చిన ఇళ్ళ కలప గురించి చాలామంది గొప్పగా చెబుతారు. నిజమే, పాత దూలంలో ఉండే చేవ కొత్త డిపోలో చూడలేం, పైగా పూర్తిగా ఆరి ఉంటుంది. కానీ అమ్మేవాళ్ళకి ఆ విలువ ఎప్పుడో తెలిసిపోయింది. లోపల దాగిన ఒక్క చీల మిల్లు బ్లేడుని ఎగరగొడుతుంది కాబట్టి చాలా మిల్లులవాళ్ళు పాత కర్ర అంటేనే చెయ్యి అడ్డం పెడతారు. అయస్కాంతంతో అంగుళం అంగుళం వెతికి, చేతిరంపంతో కోసుకునే ఓపికుంటేనే దాని జోలికి వెళ్ళాలి.

నాకు మింగుడుపడనిది కూలిన చెట్ల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో పడిపోయిన చెట్లకి లెక్కలేదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల చెట్లు నేలమట్టమయ్యాయి. అడవిలో పడినవి అటవీశాఖవి, వాటి మాట వదిలేద్దాం. ఊళ్ళలో ప్రతి ఏడూ మే నెల గాలివానకి పడేవాటి సంగతేంటి? రోడ్డు తెరవడం మునిసిపల్ సిబ్బంది పని, వాళ్ళు గంటలో రెండడుగుల ముక్కలు చేసి లారీకెత్తేస్తారు. ఆ పడినవాటిలో మంచి మానుల్ని ఆరేడడుగుల దుంగలుగా కోసి ఒక యార్డులో వేలం వేస్తే కొనేవాళ్ళు ఉన్నారు, ఖజానాకి వంటచెరకు రేటు కన్నా ఎక్కువే వస్తుంది. అడవి జోలికి పోకుండా వచ్చే కలప ఇది. దీన్ని కాల్చేసి పనామా నుంచి ఓడలో తెప్పించుకోవడం ఏం తెలివి?

అంతదాకా మనం చేయగలిగింది దుంగని కలిసి కొనడం. ఒక్కరికి దుంగ ఎక్కువ, నలుగురైదుగురికి సరిపోతుంది. ఊళ్ళో సొంత స్థలంలో చెట్టు కొట్టేవాళ్ళు దొరికితే ముందు కాగితాల సంగతి చూడాలి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి, కలప రవాణాకి పర్మిట్ అవసరం కావచ్చు. ఏ చెట్టుకి ఏ మినహాయింపు ఉందో అటవీశాఖ ఆఫీసులో అడగడమే దారి. ఎర్రచందనం, జిట్రేగి (రోజ్‌వుడ్) ఎవరైనా చవకగా ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. దుంగని కొలిచేది చుట్టుకొలతతో. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో మళ్ళీ గుణించాలి. ఐదడుగుల చుట్టుకొలత, ఏడడుగుల పొడవు ఉంటే సుమారు 11 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం కన్నా ఇది 21 శాతం దాకా తక్కువ చూపిస్తుంది, బెరడూ కోతలో పోయేదీ అందులో సర్దుబాటవుతాయని పాత లెక్క.

కోయించిన రోజే చివర్లకి పాత పెయింటో మైనమో మందంగా పుయ్యాలి. నేల మీద ఇటుకలు, వాటి మీద పలకలు, పలక పలకకీ మధ్య ఒకే మందం పుల్లలు, పైన బరువు. నీడ ఉండాలి, గాలి ఆడాలి. తెల్లచెక్క ఎక్కువుంటే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పూస్తే పురుగు బెడద తగ్గుతుంది. అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క, హైదరాబాద్ ఎండలకి కాస్త ముందే ఎండొచ్చు, విశాఖ గాలికి ఆలస్యం కావచ్చు. ఎలాగూ చెప్పేది మీటరే.

"ఏడాది ఆగే ఓపిక ఎవరికుంది?" అంటారు. నిజమే. ఆగలేనివాళ్ళకి దారి ఉంది, దిగుమతి చేసిన స్టీమ్ బీచ్, యాష్ లాంటి కలపలు నగరంలో కొందరి దగ్గర కిల్న్‌లో, అంటే వేడి గదిలో, ఎండబెట్టినవి దొరుకుతాయి. రేటు ఎక్కువే. కానీ అక్కడ మనం డబ్బు కడుతున్నది వేరేవాళ్ళు మన బదులు ఎండబెట్టినందుకు. టేకు పేరు మీద అంతే డబ్బు పెట్టి పచ్చిది తెచ్చుకోవడం కన్నా ఇది నయమైన బేరం. ప్లైవుడ్ ఉండగా ఇదంతా ఎందుకనేవాళ్ళతో నాకు పేచీ లేదు, అల్మరా వెనకచెక్కలకి నేనూ అదే వాడతాను. రావి, మర్రి ఇంట్లో పెట్టకూడదని అత్తగారు అంటారు. ఆ రెండూ ఎలాగూ బల్లకి పనికొచ్చే కలప కాదు, కాబట్టి మా ఇంట్లో గొడవ లేదు. టేకైతే రీసేల్ ఉంటుందన్న వాదన మాత్రం నాకు అర్థం కాదు. బాల్కనీలో చేసుకున్న పీటని ఎవరికి అమ్ముతాం?

ఘట్‌కేసర్ దగ్గర ఒక రైతు పొలంలో పడిపోయిన నిద్రగన్నేరు దుంగ గురించి ఇప్పుడు మాట నడుస్తోంది. కాగితాలు తేలాకే కోత. నలుగురం ఉన్నాం, ఐదో వాటా ఖాళీ. ఉప్పల్, నాచారం వైపు ఉండి, వచ్చే ఎండాకాలం దాకా ఆగగలిగినవాళ్ళు ఉంటే చెప్పండి. పేర్చడానికి చోటు నేనిస్తాను, మధ్యలో పెట్టే పుల్లలు ఎవరివి వాళ్ళే కోసుకు తెచ్చుకోవాలి, అన్నీ ముప్పావంగుళమే ఉండాలి.